గాజు మేడ నుంచి నక్క పిల్లల దాకా: ‘విచర్’ కామిక్స్‌లో పేజీ ఎలా కడతారు

(చిత్రకథలు రాసేవాళ్ళు, గీసేవాళ్ళు కూర్చున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

గెరాల్ట్ అంటే ‘విచర్’, డబ్బు తీసుకుని పిశాచాల పీడ వదిలించేవాడు. ఆ పేరు వినగానే మీలో చాలామందికి వీడియో గేమ్ గుర్తొస్తుంది, కొంతమందికి ఓటీటీ సీరియల్. నవలలు చదివినవాళ్ళు తక్కువ, కామిక్స్ చదివినవాళ్ళు ఇంకా తక్కువ. ఈ వేళ మనకి కావలసింది ఆ చివరి గుంపే. ఒక కథ నవలల్లో పుట్టి, ఆటల్లో పెరిగి, బొమ్మల పుస్తకంలోకి వచ్చేసరికి ఏం మిగులుతుంది, ఏం రాలిపోతుంది, కొత్తగా ఏం చేరుతుంది? అదే మన విషయం. కథలో రాక్షసుల సంగతి కంటే పేజీ ఎలా కడతారన్న దానిమీదే ఎక్కువ మాట్లాడుకుందాం.

ముందు పుట్టుపూర్వోత్తరాలు గబగబా చెప్పేస్తాను. ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ పోలండ్‌లోని ఊచ్ నగరంవాడు. అట్లాసులో ‘లోడ్జ్’ అని కనబడుతుంది, పలికేది ఊచ్ అనే. ఆయన మొదటి విచర్ కథ 1986 డిసెంబరులో ‘ఫాంటాస్టికా’ పత్రికలో వచ్చింది, అదీ పోటీకి పంపిన కథగా. మూడో స్థానం వచ్చింది. తర్వాత కథల సంపుటాలు, 1994 నుంచి 1999 దాకా అయిదు నవలలు, 2013లో ‘సీజన్ ఆఫ్ స్టార్మ్స్’. వార్సాలోని సీడీ ప్రాజెక్ట్ వాళ్ళ ఆటలు 2007లో, 2011లో, 2015లో వచ్చాయి. నవలలు ఆగినచోట ఆటలు మొదలవుతాయి.

కామిక్స్ మాత్రం ఆటలకంటే చాలా పాతవి. 1993 నుంచి 1995 మధ్య పోలండ్‌లోనే ఆరు పుస్తకాలు వచ్చాయి. రాసింది ‘ఫాంటాస్టికా’ సంపాదకుల్లో ఒకరైన మచెయ్ పరోవ్‌స్కీ, గీసింది బొగుస్వాఫ్ పోల్‌హ్. పోల్‌హ్ అప్పటికే ‘ఫంకీ కొవాల్’ అనే సైన్స్ ఫిక్షన్ చిత్రకథతో పోలండ్ అంతా తెలిసిన చిత్రకారుడు. ఆ పుస్తకాల్లో గెరాల్ట్‌ని చూస్తే ఆట ఆడినవాళ్ళు పోల్చుకోలేరు. అప్పటికి గెరాల్ట్‌కి స్థిరపడిన ముఖమంటూ లేదు. అక్షరాల్లో తెల్ల జుట్టు, పిల్లి కళ్ళు, మెళ్ళో తోడేలు తల పతకం, అంతే. మిగతాది చిత్రకారుడి ఇష్టం. ఇరవై ఏళ్ళ తర్వాత గీసినవాళ్ళకి ఆ స్వేచ్ఛ లేకుండా పోయింది.

2014లో అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం మిల్‌వాకీ ఊళ్ళో ఉన్న డార్క్ హార్స్ సంస్థ సీడీ ప్రాజెక్ట్‌తో కలిసి ఇంగ్లీషులో కొత్త వరస మొదలుపెట్టింది. మొదటిది ‘హౌస్ ఆఫ్ గ్లాస్’, అయిదు సంచికలు. రచన పాల్ టోబిన్, బొమ్మలు జో కెరియో, రంగులు కార్లోస్ బడియా. 2015లో అదే రచయిత, అదే చిత్రకారుడు ‘ఫాక్స్ చిల్డ్రన్’ చేశారు. తర్వాత ‘కర్స్ ఆఫ్ క్రోస్’, ‘ఆఫ్ ఫ్లెష్ అండ్ ఫ్లేమ్’, ‘ఫేడింగ్ మెమరీస్’, ‘విచెస్ లమెంట్’. ఆ తర్వాతా ఆగలేదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే మీరూ వేయండి.

అమెరికన్ నెలవారీ సంచికలో కథకి దక్కేది సుమారు 22 పేజీలు. అయిదు సంచికలంటే 110. పేజీకి సగటున అయిదు గడులు, అంటే బొమ్మల చట్రాలు, అనుకుంటే 550 గడులు. గడికి మాటలు ఇరవై దాటితే బొమ్మకి ఊపిరాడదు. ముప్ఫై అయిదు దాటితే అది బొమ్మల కథ కాదు, బొమ్మలున్న వ్యాసం. ఇరవై చొప్పునే వేసుకోండి. 550 ఇంటూ 20, మొత్తం పదకొండు వేల మాటలు. మాటల్లేని గడులు తీసేస్తే ఇంకా తక్కువ. అంటే అయిదు నెలల పాటు వచ్చే ధారావాహికలో పట్టే మాటలు ఒక పెద్ద కథకి సరిపోతాయి. నవలకి సరిపోవు. అయిదు నవలల మాట అసలెత్తద్దు.

డార్క్ హార్స్ వాళ్ళు గెరాల్ట్ కూతురిలా పెంచిన సిరి కథనంతా మొదటినుంచీ బొమ్మల్లో చెప్పడానికి దిగకపోవడానికి ఈ లెక్కే కారణమని నేను గట్టిగా అనుకుంటాను. మరి ఏం ఎంచుకున్నారు? ఒక ఊరు, ఒక పీడ, ఒక ఒప్పందం. గెరాల్ట్ వస్తాడు, డబ్బు మాట్లాడుకుంటాడు, తవ్వేకొద్దీ తేలేదేమిటంటే పీడ కంటే దాని వెనకున్న మనిషి పాపం పెద్దది. ఈ మూస సప్కోవ్‌స్కీ మొదటి కథలోనే ఉంది. ఆ కథలో స్ట్రిగాగా, అంటే శాపం తగిలి మనుషుల్ని చంపే పిశాచంగా, మారింది రాజు ఫోల్టెస్ట్ కన్న కూతురే. ఆ బిడ్డ తల్లి రాజుకి సొంత చెల్లెలు. విచర్ చెయ్యాల్సిన పనల్లా ఒక రాత్రి, మూడో కోడి కూసేదాకా, ఆ పిల్లని దాని శవపేటికలోకి తిరిగి పోనివ్వకుండా ఆపడం. కొలత చూడండి. ఒక రాత్రి, ఒక పాడుబడ్డ కోట, రెండు పాత్రలు. చిత్రకథకి కొలిచి కుట్టినట్టు ఉంటుంది.

‘హౌస్ ఆఫ్ గ్లాస్’కి వద్దాం. ఇది నవలల్లోంచి తీసింది కాదు, ఆటల్లోంచీ కాదు. కొత్త కథ. నల్లడవి అంచున గెరాల్ట్‌కి జేకబ్ అనే వేటగాడు తగులుతాడు. పెళ్ళాం పోయినవాడు. కానీ ఆవిడ పూర్తిగా పోలేదు. బ్రుక్సా అయింది, అంటే నెత్తురు తాగే జాతి. అడవిలో ఒక మేడ ఉంటుంది. రంగుటద్దాల కిటికీలు. లోపల గదులకి అంతుండదు.

మొదటి సంచికలో ఆ భార్య కనిపించే తీరు దగ్గరగా చూద్దాం. ఆవిడ మీదికి దూకదు, అరవదు. మొగుడికి దూరంగా, ఎత్తుమీద నిలబడి చూస్తూ ఉంటుంది. అంతే. నవలలో ఇదే రాయాలంటే ‘దూరాన గుట్టమీద ఆవిడ నిలబడి ఉంది’ అని ఒక వాక్యం రాస్తారు, పాఠకుడు చదివి ముందుకి పోతాడు. తర్వాతి పేరాలో ఆవిడ ఇంకా అక్కడే ఉందో లేదో గుర్తుంచుకోడు. ఆటలో అయితే ఆడేవాడి చేతిలో కెమెరా ఉంది, వెనక్కి తిప్పేస్తే ఆవిడ కనబడదు. ఒక్క చిత్రకథలోనే ఇద్దరు మగవాళ్ళు ముందుభాగంలో తాపీగా మాట్లాడుకుంటూ ఉంటే, వెనకాల వేలిగోరంత బొమ్మగా ఆవిడ ఉండిపోగలదు. మాటలు చదువుతున్న కంటికి ఆ తెల్లటి చుక్క తగులుతూనే ఉంటుంది. సంభాషణలో ఆవిడ ఊసు ఎత్తక్కర్లేదు.

దీన్ని మీరు చేసి చూడాలనుకుంటే రెండు జాగ్రత్తలు. ఒకటి, దూరపు బొమ్మ అచ్చులో కనీసం నాలుగయిదు మిల్లీమీటర్ల ఎత్తుండాలి. అంతకంటే చిన్నదైతే కాగితం మీద మరకనుకుంటారు. పదకొండు బై పదిహేడు అంగుళాల షీటు మీద గీసింది అచ్చులో దాదాపు మూడింట రెండు వంతులకి కుదించుకుపోతుంది, ఆ సంగతి గీసేటప్పుడే గుర్తుంచుకోవాలి. రెండు, ఆ బొమ్మ చుట్టూ ఖాళీ వదలాలి. కొమ్మలు, రాళ్ళు, పిట్టలు అన్నీ గీసేసి వాటి మధ్య దయ్యాన్ని పెడితే దయ్యం పోతుంది. కొత్తగా గీసేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటారు. అడవి బాగా గియ్యడం వచ్చని చూపించుకోవాలనే తాపత్రయంలో భయాన్ని చంపుకుంటారు.

కెరియో ఈ పుస్తకంలో ముదురు నలుపు ముద్దలు ముద్దలుగా వాడాడు. చెట్ల వెనక ఏముందో గియ్యడు, నలుపు నింపి వదిలేస్తాడు. అది బద్ధకం కాదు. ఆటలో పిశాచాన్ని దాచాలంటే పొగమంచు కావాలి, చీకటి లెక్కలు కావాలి, ఎంత దాచినా ఆడేవాడు దాని దగ్గరికి నడిచి వెళ్ళిపోతాడు. కాగితం మీద నలుపు దగ్గరికి ఎవడూ నడవలేడు.

ఇంకో కిటుకు పేజీ తిప్పడం. భయపెట్టే బొమ్మ ఎప్పుడూ ఎడమ పేజీలో మొదలవ్వాలి, అంటే కాగితం తిప్పాకే కనబడాలి. దాని ముందు కుడి పేజీ చివరి గడిలో తలుపు మీద చెయ్యో, ఆగిపోయిన అడుగో ఉండాలి. వినడానికి తేలిక. చిక్కు ఎక్కడొస్తుందంటే, సంచిక మధ్యలో ప్రకటన పేజీ ఒకటి చేరితే ఎడమలు కుడులైపోతాయి, మీ పిశాచం ముందే పక్క పేజీలోంచి తొంగిచూస్తుంది. అందుకే స్క్రిప్టు రాసేముందే ప్రకటనలు ఏ పేజీల్లో వస్తాయో సంపాదకుణ్ణి అడగాలి. ఫోనులో గడి తర్వాత గడి చూసేవాళ్ళకి ఈ కిటుకు ఎలాగూ పనిచెయ్యదు. వాళ్ళకోసం ముందు గడిని ఇరుకుగా, వెల్లడి గడిని పేజీ అంతా పెట్టడం ఒక్కటే దారి.

‘ఫాక్స్ చిల్డ్రన్’ సంగతి వేరు. ఇది ‘సీజన్ ఆఫ్ స్టార్మ్స్’ నవలలోని ఒక భాగానికి రూపాంతరం. తమాషా ఏమిటంటే, కామిక్ 2015లో వస్తే ఆ నవల ఇంగ్లీషులోకి 2018లో గానీ రాలేదు. ఇంగ్లీషు పాఠకుడికి మూలం కంటే మూడేళ్ళ ముందే బొమ్మలు అందాయి. కథలో ఓడ, ఓడలో ఎవరెవరో మనుషులు, గెరాల్ట్, ఆడారియో బాక్ అనే మరుగుజ్జు. ఓడవాళ్ళు అగ్వారా పిల్లని పట్టుకొచ్చారు. అగ్వారా అంటే ఆడమనిషిగానూ, నక్కగానూ ఉండగల జీవి, భ్రమలు కల్పించడంలో ఆరితేరింది. అది తన పిల్ల కోసం వెంటపడుతుంది, ఓడ చిత్తడి నేలల్లోకి పోతుంది.

చిత్రకారుడికి ఇందులో ఉన్న చిక్కు చెప్తాను. వచనంలో ‘అతనికి ఒడ్డున ఊరు కనిపించింది’ అంటే, అది ఉందో లేదో తేల్చకుండా సాగిపోవచ్చు. గడిలో ఊరు గీస్తే మాత్రం అది ఉన్నట్టే. పాఠకుడు గడిని సాక్ష్యంగా తీసుకుంటాడు. మరి భ్రమని ఎలా గియ్యాలి? మూడు దారులున్నాయి. గడి గీతని వంకర చెయ్యడం, లేదా తీసెయ్యడం. రంగుల పట్టీ మార్చడం, అంటే మామూలు గడులన్నీ ఆకుపచ్చ బూడిదలో ఉంటే భ్రమని వెచ్చటి పసుపులో పెట్టడం. మూడోది, ఏమీ మార్చకుండా నిజం లాగే గీసి తర్వాతి పేజీలో కాళ్ళకింద నేల లాగెయ్యడం. మొదటి దారి పిల్లల కథలకి సరే. మూడోది అద్భుతం, కానీ ఒక పుస్తకంలో ఒక్కసారే పనిచేస్తుంది. రెండోసారి చేస్తే పాఠకుడు ఏ గడినీ నమ్మడు. నన్నడిగితే నడుమది మేలు, అదీ పూర్తిగా కాకుండా ఒక్క రంగుకే పరిమితం చేస్తే.

2015లోనే ‘కిల్లింగ్ మాన్‌స్టర్స్’ అని ఒంటి సంచిక వచ్చింది, ఆట ట్రైలర్ ఆధారంగా. దానిమీద ఎక్కువ సేపు ఆగను. ట్రైలర్లో కదలిక, సంగీతం చేసిన పనిని నిలిచిపోయిన బొమ్మలు చెయ్యలేవు, ఆ పుస్తకం చూస్తే అది తెలిసిపోతుంది. ఆటల్లోంచి తెచ్చుకునేవాళ్ళు పోరాటాన్ని తెచ్చుకోకూడదు, పరిస్థితిని తెచ్చుకోవాలి. తర్వాతి ‘కర్స్ ఆఫ్ క్రోస్’లో ఆ పని చేశారు. టోబిన్‌తో పాటు ఆటలకి రాసిన బోరిస్ పుగాచ్-మురష్కెవిచ్, కరోలీనా స్తాహిరా కూడా కూర్చున్నారు. బొమ్మలు పియోత్ర్ కొవాల్‌స్కీ, రంగులు బ్రాడ్ సింప్సన్. సిరి పెద్దదై, తనూ విచర్ పనిలోకి దిగింది. మళ్ళీ ఒక స్ట్రిగా ఒప్పందం. గెరాల్ట్ వెనకటి స్ట్రిగా సంగతి ఆమెకి చెప్పుకొస్తాడు. 1986 కథ, ఆటలో పెరిగిన కూతురు, కామిక్‌లో కొత్త పీడ. మూడూ ఒకే పుస్తకంలో కలిశాయి, అదీ ఎవరూ మూలాన్ని తిరగరాయకుండానే.

ఇంక 2022లో వచ్చిన ‘ఎ గ్రెయిన్ ఆఫ్ ట్రూత్’. ఇది ఆటలకి సంబంధం లేకుండా నేరుగా సప్కోవ్‌స్కీ కథని బొమ్మల్లోకి తెచ్చింది. గీసింది జోనస్ షార్ఫ్. రాసేవాళ్ళందరూ దీన్ని పక్కన మూలకథ పెట్టుకుని చదవాలి, ఎందుకంటే ఆ కథ మొత్తమ్మీద సగానికి పైగా భోజనాల బల్ల దగ్గర కబుర్లే. నివెలెన్ అనే శాపగ్రస్తుడు, మృగం తలతో ఉన్న పెద్దమనిషి, అడవిలో ఒంటరి మేడలో ఉంటాడు. ఇల్లు అతని మాట వింటుంది, అడిగితే బల్లమీద వంటకాలు ప్రత్యక్షమవుతాయి. గెరాల్ట్ తింటూ వింటాడు, వాడు తన కథ చెప్తాడు.

ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటే ఎనిమిది పేజీలు ఎలా నడపాలి? ఇక్కడ కొత్త రచయిత చేసే పని, గడికొక తలకాయ పెట్టి పైన మాటల బెలూన్ వేలాడదీయడం. మూడో పేజీకి పుస్తకం మూసేస్తారు. చెయ్యాల్సిందేమిటంటే, ముందు ఆ గది పటం గీసుకోవాలి. బల్ల ఎక్కడ, కిటికీ ఎక్కడ, పొయ్యి ఎక్కడ. ఇద్దరి మధ్య ఒక ఊహాగీత గీసి, చూసే కన్ను ఆ గీతకి ఒక పక్కనే ఉండేలా చూడాలి. మాట మలుపు తిరిగినచోట మాత్రమే రెండో పక్కకి దాటాలి. తర్వాత చేతులకి పని కల్పించాలి. నివెలెన్‌కి పంజాలున్నాయి కదా, గ్లాసు పట్టుకోవడం దగ్గర అతని బాధంతా ఉంది. అతను శాపం ఎలా తగిలిందో చెప్తుంటే బొమ్మలో ముఖం కాకుండా గ్లాసు చుట్టూ ఉన్న ఆ గోళ్ళు చూపిస్తే మాటకి బొమ్మ అడ్డురాదు, అనువాదమూ కాదు. మాట ఒకటి చెప్తుంది, బొమ్మ ఇంకోటి చెప్తుంది. రెండూ ఒకటే చెప్తే ఒకటి దండగ.

బెలూన్లు కూడా లెక్కే. ఒక గడిలో ఇద్దరు మాట్లాడితే ముందు మాట్లాడేవాడు ఎడమ పక్క ఉండాలి. అలా ఉంటే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి కొయ్యవు. పెన్సిల్ బొమ్మ దశలోనే బెలూన్ల చోటు గుర్తుగా వెయ్యాలి. బొమ్మంతా పూర్తయ్యాక చోటు వెతుక్కుంటే గెరాల్ట్ నుదుటి మీద పెట్టాల్సొస్తుంది.

ఇప్పుడు కత్తుల సంగతి. ఇది చాలామంది అడిగేది. నవలల్లో గెరాల్ట్ వీపున మామూలుగా ఒక్క కత్తే ఉంటుంది, ఉక్కుది. వెండి కత్తిని చుట్టబెట్టి గుర్రం మీద సామాన్లో పెట్టుకుంటాడు. ఆటల్లో రెండూ వీపుమీదే. ఆడేవాడు ప్రతిసారీ గుర్రం దగ్గరికి పరిగెత్తలేడు కాబట్టి ఆ మార్పు సబబే. డార్క్ హార్స్ కామిక్స్ ఆటల్నే అనుసరించాయి. గీసేవాడికి దీనివల్ల ఏం వచ్చిందంటే, ప్రతి గడిలో కుడి భుజం మీద రెండు పిడులు. ఒక పుస్తకంలో కొన్ని వందల సార్లు. ఒకచోట మరిచిపోతే ఉత్తరాలొస్తాయి.

దానికంటే పెద్ద చిక్కు, వీపున ఉన్న కత్తిని అసలు దూయడం. మూడడుగుల అలుగున్న కత్తిని వీపుమీది ఒరలోంచి లాగి చూడండి. చెయ్యి పూర్తిగా పైకి చాచినా రెండడుగుల పైచిలుకు వస్తుంది, కొన ఒరలోనే ఇరుక్కుంటుంది. యానిమేషన్‌లో దీన్ని దాచడానికి నానా తంటాలు పడాలి, చాలా ఆటల్లో కత్తి ఒరలోంచి మాయంగా జారుతుంది. చిత్రకథలో మాత్రం ఇది అసలు సమస్యే కాదు. మొదటి గడిలో వేళ్ళు పిడి చుట్టూ బిగుసుకుంటాయి. రెండో గడిలో కత్తి చేతిలో ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో రెండు గడుల మధ్య సందులో జరిగింది. ఆ తెల్లటి సందుని ఇంగ్లీషులో గట్టర్ అంటారు. మనకి గట్టరంటే ఇంటిముందు మురుగు కాలవ గుర్తొస్తుంది గానీ, చిత్రకథలో అసలైన పని జరిగేది అందులోనే. దూస్తున్న మధ్య భంగిమని గియ్యకండి. గీశారా, లెక్క దొరికిపోతుంది.

రంగుల గురించి కొంచెం. చీకటి కథలకి అచ్చులో వచ్చే జబ్బు ఒకటుంది. తెర మీద అద్భుతంగా కనిపించిన రాత్రి అడవి కాగితం మీద బురదైపోతుంది. తెర వెనకనుంచి వెలుతురిస్తుంది, కాగితం ఇవ్వదు. దానికి తోడు నాలుగు రంగుల సిరా ఒకదానిమీద ఒకటి పడి పీల్చుకుంటుంది. మందు ఏమిటంటే, బొమ్మని రంగు తీసేసి బూడిద ఛాయల్లో చూసుకోవాలి. ముఖానికీ వెనకున్న చెట్టుకీ ఛాయ తేడా లేకపోతే రంగుల తేడా కాపాడదు. మామూలుగా అనుకున్నదానికంటే పదిహేను, ఇరవై శాతం లేతగా వెయ్యాలి. పెద్ద నలుపు ముద్దల కింద మిగతా మూడు రంగులు కొంచెం కలపవచ్చు గానీ, నాలుగు రంగుల శాతాలూ కూడితే మొత్తం సిరా 240 దాటకుండా చూసుకుంటే నయం, దాటితే తడి ఆరక ఎదురు పేజీకి అంటుకుంటుంది. అక్షరాలు మాత్రం ఒక్క నలుపే, నూటికి నూరు. అక్షరంలో నాలుగు రంగులూ కలిపితే అచ్చు ప్లేటు వెంట్రుకవాసి జరిగినా చుట్టూ ఎర్రటి నీడ వస్తుంది.

రంగుని కథకి కట్టెయ్యడం చూడాలంటే ‘విచెస్ లమెంట్’ తీసుకోండి. వనేసా డెల్ రే బొమ్మలు, జోర్డీ బెలేర్ రంగులు. మంత్రగత్తెని కట్టెలమీద కాల్చడంతో మొదలవుతుంది, ఆ మంట గెరాల్ట్‌ని వదలదు. కుంచె గీతలు కావాలనే మొరటుగా ఉంటాయి. ఆట బొమ్మల నునుపు కోరుకుని కొన్నవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం మొత్తం వరసలో ఆటని ఎక్కువ మరిచిపోయిన పుస్తకం ఇదే, అందుకే ఇష్టం.

చివరగా, ఇలాంటివి తెలుగులోకి తేవాలన్నా, ఇలాంటివి తెలుగులోనే చెయ్యాలన్నా అడ్డం వచ్చేది అక్షరం. హక్కుల సంగతి మొదటి మెట్టు, అది లేకుండా పేజీ ముట్టుకోవద్దు. హక్కుల విషయంలో మూలరచయితకీ ఆట సంస్థకీ మధ్యే 2018లో పేచీ వచ్చింది, ఆరు కోట్ల జ్లోటీలు (పోలండ్ డబ్బు) అదనంగా ఇవ్వాలని సప్కోవ్‌స్కీ అడిగాడు, 2019 డిసెంబరులో కొత్త ఒప్పందంతో తేలింది. అంత పెద్దవాళ్ళకే అంత తలనొప్పి.

ఇంగ్లీషు కామిక్స్‌లో అక్షరాలన్నీ పెద్దబడి. పైకి పొడిచేవి, కిందికి దిగేవి ఉండవు. వరసలు దగ్గరగా పేర్చవచ్చు, ఏడెనిమిది పాయింట్ల అక్షరం సరిపోతుంది. మనకి పైన గుడి, ఏత్వం, కింద వత్తు, వత్తు కింద వత్తు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం ఎంత ఎత్తు తింటుందో చూడండి. తొమ్మిది పాయింట్లకి తక్కువైతే అచ్చులో వత్తులు పూడుకుపోతాయి. వరసల మధ్య దూరం అక్షరం కొలతకి ఒకటిన్నర రెట్లు దాకా కావాలి. అంటే ఇంగ్లీషులో నాలుగు వరసలు పట్టిన బెలూన్లో మనకి రెండున్నర పడతాయి. పైగా మన మాటలు పొడుగు. ‘వెళ్ళిపోవాలనుకుంటున్నాను’ అన్నది బెలూన్లో ఒక వరసలో ఇమడదు, మధ్యలో విరిస్తే చదవడానికి ఎబ్బెట్టు. కాబట్టి అనువాదం చేసేటప్పుడే చిన్న మాటలు ఏరుకోవాలి. ‘పోతా’ అంటే సరిపోయేచోట అంత పొడుగు క్రియ ఎందుకు?

సాఫ్ట్‌వేర్లో ఒక తిప్పలుంది. అడోబీ ఇలస్ట్రేటర్లో యూనికోడ్ తెలుగు పెట్టగానే వత్తులు విడిపోయి ‘క్ ర’ లాగా కనబడితే ఫాంటుది తప్పు కాదు. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో కంపోజర్‌ని దక్షిణాసియా భాషలదానికి మార్చాలి. ఫాంట్లకి కొదవ లేదు. మండలి, మల్లన్న, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. సంభాషణకి సన్నగా ఉండేది, అరుపులకి లావుది, ఈ రెండు చాలు.

ఇక పేర్లు. పోలిష్‌లో ‘వియెద్జ్మా’ అంటే మంత్రగత్తె. దానికి మగ రూపంగా సప్కోవ్‌స్కీ కట్టిన మాట ‘వియెద్జ్మిన్’. తెలుగులో ‘మంత్రగాడు’ అంటే తప్పు దారి పడతాం, మనకి మంత్రగాడు చేతబడి చేసేవాడు. డబ్బు తీసుకుని పీడ వదిలించేవాడికి మనకి మాటుంది, భూతవైద్యుడు. కానీ భూతవైద్యుడి చేతిలో వేపమండలుంటాయి, వెండి కత్తి ఉండదు. నేనైతే ‘విచర్’ అనే ఉంచేసి, ఊరివాళ్ళు ఎగతాళి చేసే చోట మాత్రం ‘భూతవైద్యుడు’ వాడతాను. ఇంకో ఉచ్చు గెరాల్ట్ గుర్రం పేరు. ఇంగ్లీషులో ‘రోచ్’ చూసి బొద్దింక అనుకుంటే మునిగిపోతారు. పోలిష్‌లో అది ‘ప్వోత్కా’, ఒక చిన్న మంచినీటి చేప. తెలుగులో ‘పరిగె’ అంటే సరిగ్గా కుదురుతుంది. గెరాల్ట్ నేస్తం, పాటగాడి పేరు పోలిష్‌లో ‘యాస్కియెర్’, అదొక పసుపు పువ్వు. ఇంగ్లీషువాళ్ళు ఇంకో పసుపు పువ్వు పెట్టుకుని ‘డాండిలయన్’ అన్నారు. మూలంలో వెతక్కుండా ఇంగ్లీషులోంచి తెస్తే ఇలా పువ్వుకి పువ్వు మారిపోతుంది.

ఏవైనా ప్రశ్నలుంటే అడగండి.

(ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని ఒకరు అడిగారు.)

‘హౌస్ ఆఫ్ గ్లాస్’, ‘ఫాక్స్ చిల్డ్రన్’, ‘కర్స్ ఆఫ్ క్రోస్’ మూడూ కలిపి 2018లో గట్టి అట్టతో లైబ్రరీ ఎడిషన్ మొదటి సంపుటం తెచ్చారు. మామూలు సంచిక కంటే సైజు పెద్దది. బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి అదే మంచిది, గీత కనబడుతుంది. ఆట ఆడి ఉండక్కర్లేదు.

(నెలకి 22 పేజీలు ఒక్కరే గియ్యగలరా అని మరొకరు.)

పెన్సిలూ సిరా కలిపి రోజుకొక పేజీ, ఇరవై రెండు పనిదినాలు. గీస్తారు, కానీ రంగులు, అక్షరాలు వేరేవాళ్ళు చూస్తేనే. మీరు అన్నీ ఒక్కరే చేసుకునేట్టయితే పేజీకి మూడు రోజులు వేసుకోండి, అంటే సంచికకి అరవై ఆరు పనిదినాలు, సుమారు మూడు నెలలు. ముందు మొత్తం 22 పేజీలూ అగ్గిపెట్టె సైజు నమూనాలుగా గీసేసుకోండి. పదిహేనో పేజీ దగ్గర కథ ఇరుక్కుందని తెలిస్తే నమూనా చింపడం తేలిక, పూర్తయిన పేజీ చింపడానికి చెయ్యి రాదు.

(చప్పుళ్ళని తెలుగులో ఎలా రాయాలని వెనకనుంచి ప్రశ్న.)

ఇది మనకి లాభించే చోటు. మనకి చప్పుడు మాటలు బోలెడు. ఫెళఫెళ, కిర్రు, ఖణేల్, చప్, ధబీల్. ఒక్క సంగతి, వీటిని ఫాంటుతో వెయ్యకండి, బొమ్మతో పాటే చేత్తో గియ్యండి. చప్పుడు ఎటు పోతే అక్షరం అటు వాలాలి. వత్తులున్న మాటలు పెద్దగా గీస్తే కింద బొమ్మని కప్పేస్తాయి, అందుకని వీలైనంతవరకు వత్తు లేనివి ఏరుకోండి. తలుపుకి ‘కిర్రు’ బదులు ‘కిరకిర’ అనుకోవచ్చు. కత్తి ఒరలోంచి వచ్చే చప్పుడు అడుగుతారా? ‘సర్‌ర్‌ర్’. మొదటి అక్షరం పిడి పట్టుకున్న గడిలో మొదలుపెట్టి, సందు మీదుగా సాగదీసి, చివరి అక్షరం కత్తి చేతికొచ్చిన గడిలో ముగించండి.